మలుపు మీద ధాన్యం

ఫిబ్రవరి పదిహేడో తేదీ. వెల్లుల్లి వేసి వేయించిన అన్నం, వెనిగర్‌లో ముంచిన ఎండుచేప తిని, అర్నెల్, బోయెట్ సైకిళ్ళెక్కారు.

ఫిలిప్పీన్స్‌లోని ఇలోకోస్ తీరంలో అది పన్నెండు కిలోమీటర్ల దారి. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క వెల్లుల్లి పీకేసిన మళ్ళు.

ఆ దారిన లారీ ఒక్కటీ రాదు. అర్నెల్ అందరికీ గొప్పగా చెప్పేది అదే.

ఏప్రిల్‌లో నూట యాభై మందితో అక్కడ సైకిల్ యాత్ర జరపాలని ఏడాదిగా కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు.

చర్చి దాటాక మలుపులో బోయెట్ సైకిల్ జారింది.

రోడ్డంతా ధాన్యం ఆరబోసి ఉంది. అంచున మాత్రం మూరెడు వెడల్పున దారి వదిలి ఉంది.

"ఇది రోడ్డా, నీ కళ్ళమా అమ్మమ్మా?" అన్నాడు బోయెట్, కింద కూర్చునే.

బోర్లించిన బకెట్ మీద నుంచి ముసలావిడ లేచింది. పేరు సియోన్. చేతిలో ధాన్యం తిరగేసే చెక్క.

"మీ గంట వినపడగానే అంచున దారి గీశాను కదయ్యా. నువ్వు కొంగల్ని చూస్తూ వచ్చావు."

"కొంగల్ని కాదు, నిన్నే చూస్తూ పడ్డాను."

"ఈ వయసులో నాకంత భాగ్యమా," అంటూ తన సీసాలో నీళ్ళతో అతని మోచెయ్యి కడిగింది.

బోయెట్ చొక్కా దులుపుకున్నాడు. గింజలు గాలికి సముద్రం వైపు ఎగిరిపోయాయి.

అర్నెల్ నవ్వలేదు.

"అమ్మమ్మా, ఏప్రిల్‌లో ఇక్కడికి నూట యాభై మంది వస్తారు. ఒక్కడు జారిపడ్డా నాకు అనుమతి ఇవ్వరు. నీ ధాన్యం ఇంకెక్కడైనా ఆరబోసుకో."

"దారంతా మీదే బాబూ. ఈ మలుపొక్కటి నాకొదిలెయ్."

"ఎందుకు?"

ఆమె దారి చివరకు చూసింది.

"ఇక్కడ ఎండ బాగుంటుంది."

"ఎండ ఊరంతా ఒకటే కదా."

ఆమె గాలికి పలచబడ్డ చోట పోయడానికి ఇంకో బస్తా తెచ్చుకుంది.

"చూశావా, నిండు బస్తా ఒంటిచేత్తో ఎత్తింది," అన్నాడు బోయెట్. "నన్ను మాన్పించి ఈమెను జట్టులో చేర్చుకో."

అర్నెల్ తిన్నగా ఊరి పెద్ద కపితాన్ టెబాన్ దగ్గరికి వెళ్ళాడు. అతను స్వయంగా కాఫీ పోసి ఇచ్చాడు.

"రోడ్డు మీద ధాన్యం తీయించమని రాసివ్వండి సార్. పట్నం నుంచి ఇలాంటి కాగితం ఒకటి రావాలని మూడేళ్ళుగా చూస్తున్నాను."

"మూడేళ్ళుగానా?"

"రోడ్డు అందరిదీ కదా సార్."

మంచి మనిషి దొరికాడనుకుని అర్నెల్ సంతకం పెట్టాడు.

మరుసటి ఆదివారం అతను వచ్చేసరికి కపితాన్ మనుషులు మలుపు ఊడుస్తున్నారు. ఊడుస్తూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. సియోన్ చెక్క పట్టుకుని పక్కన నిలబడి ఉంది.

"నువ్వే రాశావా?"

"అందరి మంచికే అమ్మమ్మా."

"సరే. ఇకమీదట అంచునే పో. వెనక చప్పుడు వింటూ పో."

ఆ మాట అతనికి అర్థం కాలేదు.

మార్చి మొదటి వారంలో అర్థమైంది. ఏటిమొగ నుంచి ఇసుక లారీలు వరసగా ఆ దారినే రాసాగాయి.

మూడో ఆదివారం, అదే మలుపులో, ఒకటి బోయెట్‌ని గుద్దేసింది.

డాక్టర్లు కాలు నిలబెట్టారు. మోకాలు మాత్రం ఇక వంగదన్నారు.

"యాత్ర ఎప్పుడురా?" అని మంచం మీద నుంచి అడిగాడు బోయెట్.

అర్నెల్ కిటికీ వైపు తిరిగాడు.

యాత్ర ఆగిపోయింది. అర్నెల్ కపితాన్‌ని నిలదీశాడు.

"లారీలు ఈ దారిన ఎందుకొస్తున్నాయి?"

"రేవుకి ఇది దగ్గర సార్. ఇన్నాళ్ళూ డ్రైవర్లు హైవే మీదుగా చుట్టు తిరిగారు. ధాన్యం మీద చక్రం పోనిస్తే ఇంట్లో అన్నం పుట్టదని వాళ్ళ భయం. మీ పుణ్యమా అని అడ్డం పోయింది."

అర్నెల్ సియోన్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి పొద్దు వాలింది.

ఇంటిముందు పొరుగింటి ఫెలిసా ఊడుస్తోంది.

"అమ్మమ్మ లేదా?"

"ఆవిడ పోయింది బాబూ. తొమ్మిది రోజుల ప్రార్థన కూడా నిన్ననే అయిపోయింది. జ్వరమొచ్చింది. మందు తెస్తానంటే వద్దంది."

అర్నెల్ గడప దాటాడు. లోపల మూలన నాలుగు బస్తాలు పేర్చి ఉన్నాయి. పక్కన ఆ చెక్క.

"ఈ ధాన్యం నాకివ్వండి. రేపు పొద్దున్నే నేనే మలుపులో పోస్తాను. ఎవరేమన్నా సరే, రోజూ వచ్చి కాపలా కూర్చుంటాను."



అతను వంగి, కాళ్ళు తన్నిపట్టి, రెండు చేతులతో పై బస్తా ఎత్తాడు.

అది దిండులా పైకి లేచింది. అతను వెనక్కి తూలాడు.

"ఒట్టి తాలు బాబూ, లోపల గింజ లేదు," అంది ఫెలిసా. "మిల్లు వెనక పారబోసింది తెచ్చుకునేది. ఊళ్ళోవాళ్ళ ధాన్యం కూలికి ఆరబెడుతోందని అందరూ అనుకునేవాళ్ళు. నాకొక్కదానికే తెలుసు."

"నాతో ఒక్క మాట చెప్పుంటే?"

"చెబితే డ్రైవర్ల చెవిన పడదూ? ఇప్పుడు పడింది. ఊడ్చినవాళ్ళే చెప్పారు. ఇక నువ్వు నిజం ధాన్యం పోసినా ఎవడూ ఆగడు."

బయట లారీ వెళ్ళింది. మూలన చెక్క వణికింది.

ఫెలిసా అతని చేతుల్లోంచి బస్తా తీసుకుని యథాస్థానంలో పెట్టింది.

"ఆవిడకు పొలమెక్కడిది బాబూ, ఉన్న ఒక్క మడీ మూడేళ్ళ కిందటే ఇసుక గుంటలో కలిసిపోయింది," అంటూ రాత్రికి ఆ తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసింది.