ఎడమవైపు తలుపు

“ఇది నాలుగోసారి చిట్టియ్యా! ఈసారి గానీ తలుపు రాకపోతే బండి నీ షెడ్డులోనే వదిలేసి, నిన్ను తీసుకెళ్ళి మా చేపల చెరువులో పడేస్తాను,” అన్నాడు సుబ్బరామరాజు.

మెకానిక్ చిట్టియ్య తెగ నొచ్చుకున్నాడు. “అదేంటండి రాజుగారూ, అంత మాటనేశారు! కొత్త లాకేశానండి. బందుల కింద వాషర్లేసి తలుపు పైకెత్తానండి. ఇంక లోపల ఏనుగు కూర్చున్నా చిటికెన వేలితో తీసుకుని దిగిపోద్దండి.”

“ఏనుగెవరు?”

చిట్టియ్య నాలిక్కరుచుకున్నాడు. రాజుగారి భార్య రత్నమాణిక్యం కాస్త బొద్దుగా ఉంటుంది మరి. “అయ్యబాబోయ్, మాట వరసకన్నానండి! మీరే ఎక్కి చూసుకోండి.”

బండి పాత పికప్పు. వెనకాల మేత బస్తాలు, ముందు మొగుడూ పెళ్ళాం. ఇంజనుకేం రోగం లేదు. రోగమల్లా ఎడమ తలుపుదే. మాణిక్యం కూర్చుందంటే చాలు, లోపల్నించి చచ్చినా రాదు. ఎక్కడికెళ్ళినా రాజుగారు దిగి, చుట్టూ తిరిగొచ్చి, బయట్నించి తలుపు తీసి పట్టుకోవాలి. అప్పుడావిడ కుచ్చిళ్ళు సర్దుకుంటూ తీరుబడిగా దిగుతుంది. అంతంత మీసాలున్న మనిషికి నలుగురిలో ఇదేం ఖర్మ చెప్పండి! బావ పల్లంరాజయితే ఆయనకి ‘ద్వారపాలకుడు’ అని పేరే పెట్టేశాడు. ఆ పేరు చుట్టాలందరికీ పాకింది. ఇవాళ పాలకొల్లులో ఆ బావగారింట్లోనే గృహప్రవేశం. చుట్టాలంతా అక్కడే ఉంటారు. ఇవాళైనా తలుపు దానంతటది తెరుచుకోవాలి, పల్లంరాజు నోరు మూతపడాలి. రాజుగారి పట్టుదల అదీ.

ఎడమ సీట్లో తనే కూర్చుని హ్యాండిల్ లాగాడు. టక్కున వచ్చింది. మూసి మళ్ళీ లాగాడు. మళ్ళీ వచ్చింది. మీసం దువ్వుకుంటూ, మాణిక్యాన్ని ఎక్కించుకోవడానికి ఇంటికి బయల్దేరాడు.

పాలకొల్లులో సరిగ్గా పందిరి ముందు బండి ఆపాడు. స్టీరింగు మీంచి చెయ్యి తియ్యకుండా, పందిట్లో అందరికీ వినపడేలా, “దిగు మాణిక్యం!” అన్నాడు.

మాణిక్యం హ్యాండిల్ పట్టుకుంది. “రావట్లేదండీ.”

“వస్తుంది. గట్టిగా లాగు.”

“లాగుతూనే ఉన్నానండీ. చెయ్యి నొప్పెడుతోంది.”

అప్పటికే పల్లంరాజు కిళ్ళీ నములుతూ వచ్చేశాడు. “ఏం బావా, ద్వారపాలకులవారు ఇంకా డ్యూటీ ఎక్కలేదా? ఉండు చెల్లెమ్మా, నేను తీస్తాను.”

“వద్దన్నయ్యగారూ! దానికో పట్టుంది. అది ఆయనకే తెలుసు,” అంది మాణిక్యం కంగారుగా.

రాజుగారు దిగాడు. చుట్టూ తిరిగొచ్చాడు. తలుపు తీసి పట్టుకున్నాడు. పందిరంతా ఒకటే నవ్వు.

నవ్వనిది ఆడవాళ్ళే. రాజుగారి చెల్లెలు హైమ తన మొగుడు పల్లంరాజుకేసి తిరిగి, “చూసి నేర్చుకోండి! మీరెప్పుడైనా నేను బండి దిగానో లేదో చూశారా? అదృష్టమంటే మా వదినది,” అంది.

“ఏం చెయ్యను హైమా! ఎంత వద్దన్నా మీ అన్నయ్య వినరు,” అంటూ మాణిక్యం సిగ్గుపడిపోయింది.

పల్లంరాజు నవ్వు అక్కడే ఆగిపోయింది గానీ, రాజుగారు అది చూసే స్థితిలో లేడు. భోజనాల దగ్గర బూరెలో గుంట చేసి నిండా నెయ్యి పోసినా ఆయనకి రుచి తెలియలేదు. తిరుగు ప్రయాణంలో దారి పొడుగునా చిట్టియ్యని తిడుతూనే ఉన్నాడు.

“వాడు మెకానిక్కేనా అసలు? రేపు పొద్దున్నే వెళ్ళి ఆ తలుపే పీకించి పారేస్తాను!”

మాణిక్యం ఉలిక్కిపడింది. “అయ్యో, అంత పని చెయ్యకండి! పాత బండన్నాక ఆమాత్రం ఉండదేంటండీ? పాపం చిట్టియ్యని ఏమీ అనకండి.”

బండి ఇంటి గేటు ముందు ఆగింది. రాజుగారు ఉసూరుమంటూ తన తలుపు తియ్యబోయాడు.

“ఓసి నీ దుంపతెగ! దూడ తాడు తెంపేసుకుందండీ! సాయంత్రం పాలన్నీ తాగేస్తోంది!”

ఆ కేక రాజుగారి చెవిన పడేసరికే ఎడమ తలుపు టక్కుమంది. పట్టుచీర ఎగ్గట్టుకుని మాణిక్యం పాకలోకి పరిగెత్తింది. గేదె పొదుగు దగ్గర్నించి దూడని లాగి, గుంజకి కట్టేసి, దాని వీపు మీద ఒక్కటిచ్చింది. రాజుగారు నోరు తెరిచి ఒకసారి పెళ్ళాన్నీ, ఒకసారి బార్లా తెరిచున్న తలుపునీ చూస్తున్నాడు.

మాణిక్యం రొప్పుతూ వెనక్కి తిరిగింది. మొగుడి మొహం చూసింది. తలుపు చూసింది. ఎదురింటి ప్రసన్నకుమారి అప్పుడే తన గేటు దగ్గరికి రావడం కూడా చూసింది.

వచ్చి మళ్ళీ బండెక్కింది. కుచ్చిళ్ళు సర్దుకుంది. తలుపు మెల్లిగా వేసుకుని, తిన్నగా ముందుకి చూస్తూ కూర్చుంది.

“ఏవండీ, మళ్ళీ పట్టేసింది. కాస్త ఇటొస్తారా?” అంది, ఎదురింటికి వినపడేలా.