తండ్రి ఎత్తు

“వంగకండి. ఇవాళ ఒక్కరోజైనా నిటారుగా నడవండి,” అంది స్లావిత్సా, బడి వ్యాయామశాల గుమ్మం ముందు ఆగి.

రాడోష్ నడుం నిలబెట్టాడు. రెండు మీటర్ల మూడు సెంటీమీటర్ల మనిషి. ఆ గుమ్మం దాటాలంటే ఎలాగూ వంగాల్సిందే.

“జున్ను తెచ్చావా?” అన్నాడు.

“సంచిలో ఉంది. ముందు వచ్చిన పని చూడండి.”

పక్కనే ఉన్న ఆమె కొడుకు ఓగ్నెన్ ఆ మనిషి వంక ఒకసారి చూసి, బంతి చంకన పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

బెల్‌గ్రేడ్ నుంచి తిహోమిర్ వచ్చి ఉన్నాడు. పెద్ద బాస్కెట్‌బాల్ క్లబ్బుకి పిల్లల్ని ఏరేది ఆయనే. ఆయన కంట్లో పడితే హాస్టలు, చదువు, తిండి, అన్నీ క్లబ్బే చూసుకుంటుంది. పడకపోతే ఇక్కడే. ఇక్కడ ఏముంది? ఈ జట్టు వరసగా పదకొండు ఆటలు ఓడింది. వచ్చే ఏడు ఉంటుందో ఊడుతుందో కూడా తెలియదు.

ఓగ్నెన్‌కి పన్నెండేళ్లు. ఆట వచ్చు. ఎత్తే లేదు. జట్టులో అందరికన్నా పొట్టి వాడే.

“బంగారంలాంటి చేతులు, బంగారంలాంటి బుర్ర. ఎముకలే ఎదగలేదమ్మా,” అన్నాడు కోచ్ మొమ్చిలో పోయిన వారం. “పిల్లాణ్ణి కొలిచే ముందు తండ్రిని కొలుస్తారు. తండ్రి పొడుగైతే, వీడూ సాగుతాడులే అని రాసుకుంటారు. తండ్రి కూడా పొట్టివాడైతే పుస్తకం మూసేస్తారు. ఎక్కడైనా ఇదే పద్ధతి. మీ ఆయన్ని తీసుకురా. ఈ ఏడాదిలో ఒక్క ఆటకైనా వచ్చాడా ఆ మనిషి?”

ఆ మాట విన్న దగ్గర్నుంచి స్లావిత్సాకి తిండి సహించలేదు.

ఇప్పుడు రాడోష్‌ని చూసి మొమ్చిలో రెండు చేతులూ పైకెత్తాడు.

“ఓరి దేవుడా! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావమ్మా ఈయన్ని?”

“పని మీద ఊళ్లు తిరుగుతుంటారు కోచ్ గారూ,” అంది స్లావిత్సా.

రాడోష్‌ని ముందు వరసలో, తిహోమిర్‌కి సరిగ్గా ఎదురుగా కూర్చోబెట్టింది. ఆట మొదలైంది. మన జట్టు బుట్టలో వేసినవి తక్కువ, బుట్ట పక్కన వేసినవి ఎక్కువ. ఓగ్నెన్ మూడుసార్లు బంతిని ఎవరూ లేని చోటికి విసిరాడు. మూడుసార్లూ అది వెళ్లి గోడకి కొట్టుకుంది.

“ఎవరికి వేస్తున్నావురా పొట్టోడా, గోడకా?” అని వెనక నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

స్లావిత్సా మొహం కందిపోయింది. మోచేత్తో రాడోష్‌ని పొడిచింది. “లేచి నిలబడి చప్పట్లు కొట్టండి.”

“ఇప్పుడా? బంతి గోడకి తగిలింది కదా.”

“లేవమంటుంటే!”

అతను లేచాడు.

“కూర్చోవయ్యా మహానుభావా! మాకు ఆట కనపడొద్దా?” అంది వెనకున్న ముసలావిడ.

“కాసేపు ఓర్చుకో బామ్మా,” అంది స్లావిత్సా. “చూడాల్సినాయన చూడాలి.”

ముప్పై మూడు పాయింట్ల తేడాతో జట్టు ఓడిపోయింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

తర్వాత కోచ్ గదిలోకి పిలుపు వచ్చింది. తిహోమిర్ అరవై దాటిన మనిషి. మెడలో ఈల, చేతిలో నల్ల నోటుబుక్కు. ఓగ్నెన్‌ని గుమ్మం దగ్గరే నిలబెట్టి, గది మూలనున్న ఎత్తు కుర్చీ తానే లాక్కొచ్చి రాడోష్‌కి వేశాడు.

“మీ ఇంట్లో అందరూ ఇంతేనా?”

“మా నాన్న నాకన్నా బెత్తెడు ఎక్కువ,” అన్నాడు రాడోష్ గుక్కతిప్పుకోకుండా. “నేను పదిహేనేళ్ల దాకా పొట్టే. ఆ తర్వాత ఒక్కసారిగా సాగాను.”

తిహోమిర్ తలూపాడు. రాసుకోలేదు.

“పిల్లాడి పుట్టినరోజు ఎప్పుడు?”

“ఎండాకాలంలో.”

బల్ల కింద స్లావిత్సా అతని కాలు తొక్కింది. “నవంబరు సార్! మగాళ్లకి ఇవన్నీ గుర్తుంటాయా?”

“ఉండవమ్మా,” అన్నాడు తిహోమిర్ నిట్టూర్చి. “ఒక్కసారీ గుర్తుండవు.”

కనీసం పుట్టినరోజైనా నేర్పించి తీసుకురావాల్సింది అనుకుని స్లావిత్సా తనని తానే తిట్టుకుంది.

తిహోమిర్ ఓగ్నెన్ వైపు తిరిగాడు.

“ఏరా, గోడకి మూడు బంతులు కొట్టావు. ఎవరికి వేశావు?”

“మిలుటిన్‌కి సార్.”

“అక్కడ మిలుటిన్ లేడే.”

“ఉండాలి సార్. వాడి ముందు దారంతా ఖాళీగా ఉంది. పరిగెడితే బంతి, వాడు ఒకేసారి చేరేవాళ్లు. వాడు పరిగెత్తలేదు.”

“మరి మూడోసారి కూడా ఎందుకు వేశావు?”

“ఈసారైనా పరిగెత్తుతాడేమోనని.”

తిహోమిర్ పకపకా నవ్వాడు. నోటుబుక్కు తెరిచి, మొదటిసారి కలం తీసి, ఓగ్నెన్ పేరు రాసి కింద గీత గీశాడు.

“ఆగస్టు ఒకటో తారీఖున పెట్టె సర్దుకుని వచ్చెయ్.”

ఓగ్నెన్ ఎగిరి గంతేసి బయటికి పరిగెత్తాడు. జున్ను సంచి తీసుకుని రాడోష్ కూడా వంగి గుమ్మం దాటాడు. స్లావిత్సాకి కన్నీళ్లు ఆగలేదు.

“అంతా వాళ్ల నాన్న పోలికే సార్,” అంది ముక్కు తుడుచుకుంటూ. “ఆయన ఎత్తు చూస్తున్నారుగా, వీడికీ అదే వస్తుంది, మీరే చూడండి.”

తిహోమిర్ తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అన్నాడు: “వాడి ఆట చూసే వాణ్ణి తీసుకున్నానమ్మా, ఈ రాడోష్‌ని మా ఆయన అంటూ నా ముందు కూర్చోబెట్టిన తల్లుల్లో, ఈ ఏడాది నువ్వు ఆరోదానివి.”