ఎలుకను తవ్వి

తమ్ముడు పాత కంప్యూటరు మౌస్ పొట్ట విప్పి, గోలీ అంత రబ్బరు బంతిని పక్కన పడేశాడు.

"కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నువ్వు ఎలుకను తవ్వి ఏం పడతావురా?" అన్నాడు టైలరు, మంచం మీంచే.

"ఈ రెండు ఇరుసులూ, వాటి చివర చిల్లుల చక్రాలూ అన్నయ్యా. వీటి మీద బిలియర్డ్స్ బంతి కూర్చోబెడతా. అది దొర్లితే చక్రాలు తిరుగుతాయి, తెర మీద చుక్క కదులుతుంది. చిన్నప్పుడు వీడియో ఆటల షాపులో ఆడామే, అలాగే. అరచేత్తో దొర్లించడమే."

ఆ షాపులో ఒకప్పుడు టైలరుకి తిరుగులేదు. ఇప్పుడు పక్షవాతం కుడిచేతిని తినేసింది. కత్తెర పట్టలేడు. కుట్టుమిషను అమ్మేద్దామని భార్య అన్న నాటి నుంచీ ఆమెతో మాటల్లేవు.

సాయంత్రానికి చెక్కపెట్టెలో బంతి అమరింది. టైలరు దానిమీద చెయ్యి వేసి, ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టి తోశాడు. చుక్క వణికి, అక్కడే చతికిలబడింది.

"చచ్చిన చేతికి ఎందుకురా ఈ సింగారం?"

"తప్పు చేతిది కాదు. ఇరుసులు జారుతున్నాయి. రేపటికి బిగిస్తా," అన్నాడు తమ్ముడు, వదిన వంక చూస్తూ.

మర్నాడు అన్నను కంప్యూటరు బల్ల ముందు కూర్చోబెట్టి, తమ్ముడు వెనకాలే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఇహ కానీ అన్నయ్యా."

టైలరు బంతిని ఎడమకు నెట్టాడు. చుక్క ఎడమకు దూకింది. కుడికి నెట్టాడు. కుడికి ఉరికింది. ఆటలో ఊరి మీదికి పైనుంచి రాలుతున్న ఉల్కలు, చుక్క తగలగానే ఒక్కొక్కటే పేలిపోసాగాయి. టైలరుకి ఒళ్ళు పులకరించింది.

"ఏమే! ఇలా వచ్చి చూడు!" చాలా రోజులకి భార్యను పిలిచాడు.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు.

"మిషను కొంటానన్నవాణ్ణి రావద్దని చెప్పు. రేపే కొట్టు తెరుస్తున్నా."

"ఏమండీ, అంత తొందరెందుకు? ముందు కాస్త..."

"ముందూ లేదు, వెనకా లేదు! నా చెయ్యి నాకు తిరిగొచ్చిందే! ఈ పూటైనా ఆ ఏడుపు మానవే."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. "వదినా, ఆగు," అంటూ తమ్ముడు వెంటపడ్డాడు. వీధి వసారాలో ఇద్దరూ గొంతు తగ్గించి ఏదో వాదించుకుంటున్నారు.

టైలరు నవ్వుకుని, ఇంకో ఆట మొదలుపెట్టాడు. బంతిని తోశాడు. చుక్క కదల్లేదు. మళ్ళీ తోశాడు. ఉల్కలు రాలి, తెర మీది ఊరంతా కూలింది.

తీగ ఊడిందేమోనని కంప్యూటరు వెనక ఎడంచెయ్యి పెట్టి తడిమాడు. తీగ గట్టిగానే ఉంది. దాన్ని పట్టుకుని, అది సాగిన వైపే చేతిని పోనిచ్చాడు. బల్ల కిందికి, అక్కణ్ణుంచి వెనక్కి.

ఆ తీగ చివర, తమ్ముడు లేచివెళ్ళిన కుర్చీలో, వేరే మౌస్ ఇంకా వెచ్చగా ఉంది.