గుచ్చుకునే శాలువా

ఎవరో శాలువా లాగినట్టయి ఆమె గిరుక్కున తిరిగింది.

ఆస్పత్రి బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దమనిషి, ఆమె శాలువా అంచును చూపుడువేలితో మెల్లగా రుద్దుతున్నాడు. వేలికి నల్లటి తొడుగు.

"ఏంటయ్యా ఆ పని? ఇంత వయసొచ్చింది, సిగ్గు లేదూ?"

"తప్పేనమ్మా. అడగాల్సింది," అన్నాడతను. "ఉన్నేనా?"

"ఉన్నో పత్తో, నీకెందుకు? లే ఇక్కణ్ణుంచి."

అతను లేచి ఎదుటి గదిలోకి వెళ్లాడు. కాసేపటికి బయటికొచ్చి, తల వంచుకుని మెట్లు దిగిపోయాడు.

"పాపని తీసుకురండమ్మా," అని లోపలినుంచి టెక్నీషియన్ పిలిచింది.

పోయిన చలికాలంలో వచ్చిన జ్వరం, పోతూ పోతూ పాప వేళ్లలోని స్పర్శను పట్టుకుపోయింది. వేడి గిన్నె ముట్టుకున్నా తెలియదు. అంతకన్నా తల్లిని కోసేసింది పాప అన్న ఒక్క మాట.

"ముట్టుకుంటే నువ్వు నువ్వులా లేవమ్మా."

ఆ రోజునుంచి పిల్ల తల్లి పక్కలో పడుకోవడం మానేసింది.

టెక్నీషియన్ పాప వేళ్లకు తొడుగులు పెట్టి, మణికట్టుకు పట్టీ కట్టింది.

"నీ వేలు దేన్ని తాకితే దాని గరుకూ నునుపూ ఈ పట్టీ వణికి చెబుతుంది. కళ్లు మూసుకో తల్లీ."

గాజు పలక రుద్దించింది. చెక్క రుద్దించింది.

"ఎలా ఉంది?"

"ఫోన్ మోగుతున్నట్టుంది," అంది పాప పెదవి విరిచి.

తల్లి పాప దగ్గరికి జరిగింది.

అంతలో పాప చెయ్యి తడుముకుంటూ తల్లి వైపు వచ్చింది. ఆగింది. మళ్లీ రుద్దింది.

"గుచ్చుకుంటోంది." మొహం విప్పారింది. "అమ్మ శాలువా ఇది."

తల్లికి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. పాపను ఒళ్లోకి లాక్కుంది. పాప ఆమె భుజాన్నీ వీపునూ రుద్దుతూనే ఉంది.

"నా శాలువా సంగతి ఈ పట్టీకెలా తెలిసింది?" అంది తల్లి కళ్లు తుడుచుకుంటూ.

"ఒక్కో బట్టకీ ఒక్కో వణుకు నేర్పాలమ్మా. పిల్లలు ముందు తడిమేది అమ్మనే, ఆవిడ ఏం కప్పుకుందో చూసొస్తానని ఆ పెద్దాయన బయటికెళ్లారు. ఇందాకే నేర్పి వెళ్లారు."

తల్లి గబగబా తలుపు దగ్గరికి వెళ్లింది. మెట్ల మీద ఎవరూ లేరు.

"నోటికొచ్చినట్టు అనేశానే. ఎవరాయన?"

"ఇవి తయారుచేసింది ఆయనే, స్పర్శ పోయిన తన చేతి కోసం," అంది టెక్నీషియన్. "తీరా పనిచేసిన రోజున, పక్కన ఎవరూ లేక, ఈ గోడనే తడిమి చూసుకున్నారమ్మా."