నెలకో రంగు

"ఈ నెల ఏం రంగే?"

రత్నం ఇంకా చెప్పులైనా విప్పలేదు. తెనాలి పాసింజరు కూత విన్నప్పటి నుంచీ కృపమ్మ అరుగు మీద కూర్చుని కోడలి అడుగుల కోసం చెవులు రిక్కించి ఉంది. రత్నం తెనాలిలో చిన్నపిల్లల బడి పంతులమ్మ. రోజూ రేపల్లె నుంచి రైల్లో వెళ్ళి వస్తుంది. నెల మొదట్లో మాత్రం చంకలో గుడ్డముక్కల మూట ఉంటుంది.

"ఎరుపత్తయ్యా. కల్లంలో ఆరబోసిన పండు మిరపకాయల ఎరుపు."

కృపమ్మ మూట ఒళ్ళో పెట్టుకుని తడిమింది. "అబ్బ, ఘాటు తగులుతోందే," అని నవ్వింది. ఆవిడ నవ్వు విని ఆ ఇంటికి చాలాకాలమైంది.

ఒకప్పుడు ఆ పేటలో కృపమ్మ కుట్టిన బొంత మీద పడుకోకుండా పసిబిడ్డ పెరిగిందంటే తల్లికి చిన్నతనంగా ఉండేది. రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మాక ఆవిడ సూది పక్కన పడేసింది. రంగు తెలియకుండా కుట్టే బొంత కంటే గోనెసంచి నయమంది. గోడవైపు తిరిగి పడుకుంది. దేవుడు తనను మరిచిపోయాడని, ఇక అన్నం ఎందుకని మొదలుపెట్టింది. కొడుకు వరప్రసాదానికి బాపట్లలో ఉద్యోగం. శనివారం వచ్చి బతిమాలి, ఆదివారం గుళ్ళో ఆరాధన అయ్యాక బస్సెక్కేవాడు. వారమంతా ఆ మొండిమనిషితో వేగవలసింది రత్నమే. అత్త ఇలా చిక్కిపోతుంటే చూస్తూ ఎలా ఊరుకోవడమా అని ఆమె బెంగ.

ఉపాయం కూడా ఆమెకే తట్టింది. నెలంతా ఒకే రంగు ముక్కలిస్తే జత కలిపే బాధే ఉండదు. ఏ ముక్క పక్కన ఏది పడ్డా తప్పు కాదు. నెలకో రంగున ఒక్కో వరుస గళ్ళు కుట్టుకుంటూ పోతే, ఏడాది తిరిగేసరికి బొంత.

ముక్కలిచ్చేది బడి ఎదుటి దర్జీ నాంచారయ్య. రవికకు కొలతలిస్తే చొక్కా కుట్టే రకమని పేరు పడ్డాక ఆడవాళ్ళు అతని కొట్టు మెట్టెక్కడం మానేశారు. పోలీసులు, బస్సు కండక్టర్లు మాత్రం వదల్లేదు. మంచివాడు. మిషను కింద పడిన ముక్కలన్నీ ఏరి పంతులమ్మ కోసం మూట కట్టి ఉంచేవాడు. కృపమ్మ రోజూ ప్రార్థనలో అతని చేతులను దీవించమని అడిగేది.

ఫిబ్రవరిలో గుమ్మడిపువ్వు పసుపు అంది రత్నం. మార్చిలో, ఈస్టరు ముందు శ్రమల కాలం కనుక, గుళ్ళో బల్ల మీద పరిచే గుడ్డ ఊదా అంది. మే నెలలో నిజాంపట్నం సముద్రం నీలం, జూలైలో నారుమడి పచ్చ. వింటూ వింటూ కృపమ్మ రెండు పూటలా అన్నం తినడం మొదలుపెట్టింది.

ఆగస్టులో రత్నం మళ్ళీ ఆకుపచ్చ అంది.

"అది పోయిన నెల అయిందిగా?"

"ఇది చిలకపచ్చండి. వేరు."

"అదే అనుకున్నా. గుడ్డ మాత్రం భలే మందమే. సూది దిగి చావడం లేదు."

"గట్టి మిల్లు గుడ్డండి. తరతరాలు మన్నుతుంది."

ఒకనాడు పక్కింటి రత్తాలు బొంత విప్పి చూసి నోరు తెరిచింది. రత్నం చప్పున పెదవుల మీద వేలు పెట్టింది. కుట్లు వంకరగా వచ్చాయా అని కృపమ్మ అడిగితే, రత్తాలు తడబడుతూ, పిన్ని చేతికి వంక పెట్టేవాళ్ళు పుట్టలేదంది. ఆ గొంతులో తేడా కృపమ్మకు తెలిసింది. అప్పటి నుంచి ఆవిడకు బొంత అందరికీ చూపించాలంటే జంకు.

క్రిస్మస్‌కి తెలుపు వరుసతో బొంత పూర్తయింది. ఆ తర్వాత బాపట్లలో కళ్ళ శిబిరం పెట్టారని వరప్రసాదం కబురు తెచ్చాడు. కృపమ్మ ఎగిరి గంతేసినంత పనిచేసింది. రత్నం సంతోషపడింది, ఆ వెంటనే ఆమె ముఖం పాలిపోయింది.

ఆపరేషన్ చక్కగా అయింది. కట్లు విప్పాక కృపమ్మ కొన్నాళ్ళు కొడుకు దగ్గరే ఉంది, ఆ తర్వాత సోడాబుడ్డి అద్దాలిచ్చారు. ఇంటికి వచ్చే రైల్లో దారిపొడుగునా కృపమ్మ వరిచేలు చూసి స్తోత్రం, కాలవ చూసి స్తోత్రం, ఎదుటివాడి మీసం చూసి కూడా స్తోత్రం చెప్పుకుంది. రత్నానికి మాత్రం ఆ రైలు రేపల్లె చేరకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఇంట్లో అడుగు పెట్టగానే కృపమ్మ అడిగింది. "నా బొంత తీసుకురా."

"ఉతకాలత్తయ్యా, రేపు..."

"తే."

రత్నం బొంత తెచ్చి మంచం మీద పరిచింది. కృపమ్మ కళ్ళజోడు సర్దుకుని వంగింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. కోడలి ముఖం చూసింది. మళ్ళీ బొంత చూసింది.

"అత్తయ్యా, నన్ను క్షమించండి. నేను..."

"ఉండవే, చూసుకోనీ." కృపమ్మ మొదటి వరుస మీద వేలు పెట్టింది. "ఇది జనవరి. పండు మిరపకాయల ఎరుపు. ఇదిగో గుమ్మడిపువ్వు. ఇది సముద్రం." వేలు నెమ్మదిగా కిందికి జరిగింది. "ఇది నారుమడి, ఇది చిలకపచ్చ. నువ్వన్నట్టే రెండూ వేరు."

రత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. కృపమ్మ ఆమెను దగ్గరకు లాక్కుని తల నిమిరింది. అద్దాల వెనక ఆవిడ కళ్ళు కూడా నిండాయి.

"ఒక్క రంగూ తప్పు చెప్పలేదమ్మా నువ్వు. ఏడాది పొడుగునా నన్ను చీకట్లో ఉండనివ్వలేదు. దేవుడు నన్ను మరిచిపోలేదే. నిన్నిచ్చాడు."

మంచం మీద బొంత మొత్తం ఖాకీయే.