నిన్నటి ఎపిసోడు

అనకాపల్లి ఆర్టీసీ కాంప్లెక్సు పక్కన కాసులమ్మ టీ బడ్డీ దగ్గర, ఆ పొద్దున ముగ్గురు ఆడవాళ్ళు ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చున్నారు.

పోయింది కరెంటు. రాత్రి సరిగ్గా సీరియల్ మొదలయ్యే వేళకి పోయి, పడుకునే వేళకి వచ్చింది.

"శ్రీదేవి ఏటైపోయిందో!" అంది కాసులమ్మ పాలు మరగబెడుతూ.

శ్రీదేవి ఆమె చుట్టమేమీ కాదు. సీరియల్లో కోడలు. మొగుడు తారక్ అనుమానం మనిషి. అత్త అతన్ని ఎగదోసే మనిషి. మొన్నటి ఎపిసోడు తారక్ చెయ్యెత్తడం దగ్గర ఆగిపోయింది.

"కొట్టేసుంటాడు," అంది పూలమ్మే దుర్గ.

"కొట్టడు. ఆడు మంచోడే. తల్లే మంచిది కాదు," అంది నూకరత్నం. పూడిమడక నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్ముకుంటుంది. తారక్ మీద ఈగ వాలనివ్వదు.

బెంచీ చివర ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయేమో. ఒళ్ళో సంచి. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆమె మాత్రం లేవడం లేదు.

"ఏమ్మా, రాత్రి మీకాడ కరెంటుందేటి? సీరియల్ సూసేవా?" అని అడిగింది కాసులమ్మ.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది.

"సూసేను పిన్నీ."

అంతే. దుర్గా నూకరత్నం ఆమె పక్కకి జరిగిపోయారు. కాసులమ్మ అడక్కుండానే టీ పోసి అందించింది. ఆ అమ్మాయి ఎడమచెయ్యి చాపింది.

"ఎడంసేత్తో అందుకుంటావేటి! మీయమ్మ నేర్పలేదా?" అని కసిరింది కాసులమ్మ. "సర్లే, సెప్పు. కొట్టేడా?"

"కొట్టేడు. సెయ్యి మెలిపెట్టేసేడు."

"అయ్యయ్యో! ఎందుకట?"

"ఫోన్లో ఎవరితోనో మాటాడతందని. తమ్ముడితోటే మాటాడింది. సెప్పినా నమ్మలేదు."

"మరత్త ఏటి సేత్తంది?"

"తలుపేసేసింది. సుట్టుపక్కలోల్లకి వినపడకుండా."

దుర్గ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నూకరత్నం అత్తని నాలుగు తిట్లు తిట్టింది.

"తర్వాతో?"

"తెల్లారకముందే ఇంట్లోంచి వచ్చేసింది. బస్టాండులో కూకుంది."

"ఓలమ్మ! ఇంట్లో మూడు కార్లెట్టుకుని బస్టాండులో కూకోడవేటి?" అంది దుర్గ.

"తాళాలు అత్తకాడే ఉంటాయి గదప్పా," అంది ఆ అమ్మాయి.

అదీ నిజమే అనుకున్నారు.

"విశాకపట్నంలో ఓ స్నేహితురాలుంది. వచ్చీయ్, పని సూపిత్తానంటంది. ఇటు సూత్తే మొగుడు ఫోన్ సేసేడు. తప్పయిపోయింది, ఇంటికొచ్చీమన్నాడు. ఎటెల్లాలో తెలక అలా కూకునే ఉంది. అక్కడ ఆపేసేరు."

"ఆపేత్తారు! ఆల్లకదే పని," అంది కాసులమ్మ.

ఇక మొదలైంది వాదన.

"విశాకపట్నమే ఎల్లాలి. సెయ్యి మెలిపెట్టినోడు రేపు పీక పట్టుకోడా?" అంది దుర్గ.

"ఊరుకోవే. శ్రీదేవి ఎల్లిపోతే ఇంక సీరియలేటుంటాది? మనమేటి సూత్తాం?" అంది నూకరత్నం. "అయినా తప్పయిపోయిందన్నాడంటే మారినట్టే. ఆడికి పెళ్ళామంటే పేనం."

ఆ అమ్మాయి వాళ్ళిద్దరి మాటా విని, కాసులమ్మ వైపు తిరిగింది.

"నువ్వేటంటావు పిన్నీ?"

ఈ పెద్దరికం కాసులమ్మకి భలే నచ్చింది. చేతిలో గరిటె పక్కన పెట్టి మరీ తీర్పు చెప్పింది.

"మొగుడి దగ్గిరికే ఎల్లాలి. ఎన్ని సీరియళ్ళు సూళ్ళేదు మనం? సివరికి మారతాడమ్మా. మారకపోతే ఆడు హీరో ఎలాగవుతాడు?"

"మారతాడంటావా?"

"రాసిత్తాను."

"అదీ నిజమేలే," అని దుర్గ కూడా తగ్గింది.

విశాఖపట్నం బస్సు వచ్చి ఆగింది. కండక్టరు అరిచి అరిచి వెళ్ళిపోయాడు. తర్వాత పల్లెల వైపు పోయే మాకవరపాలెం బస్సు వచ్చింది. ఆ అమ్మాయి లేచి, సంచి ఎడం భుజానికి తగిలించుకుని అదెక్కింది.

"కళ్ళకి కట్టినట్టు సెప్పింది," అని మెచ్చుకుంది నూకరత్నం.

మధ్యాహ్నం నిన్నటి ఎపిసోడే మళ్ళీ వేశారు. బడ్డీలోని చిన్న టీవీ ముందు ముగ్గురూ చేరారు. కథ తెలిసినా కొట్టడం కళ్ళారా చూడాలి కదా.

తారక్ ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. మెల్లగా దించి పెళ్ళాం కన్నీళ్ళు తుడిచాడు. అక్కణ్ణుంచి చివరిదాకా ఆడపడుచు సీమంతమే. గాజులు, గంధం, పాటలు.

"సెయ్యి మెలిపెట్టడం ఎప్పుడొత్తాదే?" అంది నూకరత్నం.

రాలేదు. బస్టాండూ రాలేదు. పేర్లు పడిపోయాయి.

"మరా పిల్ల సెప్పింది ఏ సీరియలే?" అంది దుర్గ.

 

కాసులమ్మ పొయ్యి మీద పాలు అలాగే వదిలేసి కాంప్లెక్సులోకి పరిగెత్తింది. మాకవరపాలెం బస్సు నిలబడే చోట ఎవరెవరో ఉన్నారు. ఆ దారిలో ఎన్ని ఊళ్ళు! ఎక్కడ దిగిందని అడగాలి? ఎవరని అడగాలి? టీ ఇచ్చింది, తీర్పిచ్చింది, పేరు మాత్రం అడగలేదు.

కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చి, బెంచీ కింద ఆ పిల్ల తాగి పెట్టిన గ్లాసు తీయబోయింది.

కూర్చున్నంతసేపూ ఆ పిల్ల కుడిచెయ్యి సంచి కిందనుంచి పైకి రాలేదని కాసులమ్మకి అప్పుడు గుర్తొచ్చింది.