మగటిమి

కుర్చీలోంచి లేవడానికి మహేందర్ బల్ల అంచు పట్టుకున్నాడు. అయినా లేవలేకపోయాడు. భార్య సౌజన్య చంకలో చెయ్యి వేసి లేపింది.

డాక్టర్ రసజ్ఞ కూర్చున్న చోటు నుంచి కదలకుండా చూసింది. చూడడానికి ఆమెకు హాయిగా ఉంది.

ఆ చేతుల్ని ఎలా మరిచిపోతుంది? లింగంపల్లి స్టేషన్ ముందు, జనమంతా చూస్తుండగా, ఆమె జుట్టు దొరకబుచ్చుకుని కసకసా కత్తిరించిన చేతులవి. "మళ్ళ చందానగర్ల కనవడితె సంపుత" అన్న గొంతూ అదే. అతను మాత్రం ఆమెను గుర్తుపట్టలేదు. గచ్చిబౌలిలో పెద్దాసుపత్రి, తెల్లకోటు, తలుపు మీద పేరు. మాటకు ముందొక మేడం, వెనకొక మేడం.

"జిమ్ము నడిపిస్త మేడం. ఎంత బరువైన అలవోకగ లేపేటోణ్ణి. ఇప్పుడు నీళ్ళ గ్లాసు వట్టుకుంటె చెయ్యి వణుకుతుంది."

"మందులేమైనా వాడుతున్నారా?"

అతను గొంతు తగ్గించాడు. "మగ హార్మోన్ సూదులు. బలం తగ్గుతుందని నేనే డోసు పెంచిన."

జన్యు పరీక్ష రిపోర్టు ఆమె ముందే ఉంది. ఆ సూదులు ఆపమని చెప్పకుండా ఊరుకుంటే చాలు. కొన్నాళ్ళకు అతను మంచం దిగడు. ఎవరూ ఆమెను వేలెత్తి చూపరు. రిపోర్టు వచ్చినప్పటి నుంచీ ఆ ఆలోచనను ఆమె వదల్లేదు.

"తోడబుట్టినవాళ్ళు ఉన్నారా?"

"ఒక తమ్ముడు. సచ్చిపోయిండు."

"ఏ జబ్బుతో?"

"ఇగ ఆ ముచ్చట వద్దు మేడం."

సౌజన్య తల దించుకుంది.

రసజ్ఞ నిర్ణయించుకుంది. చెప్పకుండా ఊరుకోవడం మరీ చిన్న శిక్ష.

"వెన్నుపాములో కండరాలను ఆడించే నరకణాలుంటాయి. మగ హార్మోన్ మామూలుగా వాటికి బలం. మీలో ఆ హార్మోన్‌ను అందుకునే భాగమే పుట్టుకతో వంకర. హార్మోన్ తగిలినకొద్దీ అది ఆ కణాలను చంపుతుంది. తల్లి నుంచి కొడుకులకు వచ్చే జబ్బిది. బలమనుకుని మీరు పొడుచుకున్నది విషం."

"ఆపేస్తె బాగైతనా?"

"ఆపితే చాలదు. ఒంట్లో ఊరే మగ హార్మోన్‌ను కూడా అణిచే సూది వేయాలి. పోయిన బలం రాదు. మిగిలింది నిలవొచ్చు."

"అంటె... నన్ను ఆడదాన్ని చేస్తరా?"

"కోరికలు తగ్గుతాయి. రొమ్ములు పెరగొచ్చు. గడ్డం పలచబడొచ్చు." ఒక్కో మాటా అతని కళ్ళలోకి చూస్తూ, తాపీగా చెప్పింది. ఇన్నేళ్ళూ ఈ మాటల కోసమే బతికినట్టు.

అంత మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు. "జిమ్ముల పోరగాళ్ళకు మొఖమెట్ల సూపియ్యాలె?"

"మొఖం సంగతి తర్వాత సూద్దాం," అంది సౌజన్య. "ముందుగాల నువ్వు నడువు."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. "గీ సూది వేసుకుని మంచిగున్నోళ్ళు ఎవలన్న ఉన్నరా మేడం?"

"ఒకరున్నారు. ఇదే జబ్బు పుట్టుకతో ఉంది. కానీ కుర్రతనంలోనే, వేరే కారణంతో, మగ హార్మోన్‌ను అణిచేసుకున్నారు. ఇవాళ్టికీ ఈ అంతస్తులన్నీ మెట్లెక్కే వస్తారు."

"జర గాయనతోని ఒక్కపారి మాట్లాడిపియ్యరా? మీ కాళ్ళు మొక్కుత."

రసజ్ఞ లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అతని ఎదురుగా నిలబడింది.

"మాట్లాడుతనే ఉన్నవ్ గదా అన్నా, సచ్చిపోయిండని చెప్పిన నీ తమ్మునితోని!"